కణాల అడుగుజాడలు: భావి కొలైడర్లకు కావలసిన పథశోధకాలు

వేసవిలో కొల్లేటి నీరు తీసి బురద బయలుపడినప్పుడు, తెల్లవారుజామున గట్టుమీద నిలబడి చూచినవారికి ఒక విషయం అనుభవంలో ఉంటుంది. పక్షి కనిపించదు, బురదమీద దాని కాలిగుర్తులు మాత్రమే కనిపిస్తాయి. ఆ గుర్తుల ఆకారాన్ని బట్టి అది కొంగయో గూడబాతో చెప్పవచ్చు. వాటి మధ్యనున్న ఎడాన్ని బట్టి మెల్లగా నడిచినదో, వడిగా పోయినదో చెప్పవచ్చు. ఎక్కడ మలుపు తిరిగినదో, ఎక్కడ రెక్కలు విప్పి ఎగిరిపోయినదో కూడ చెప్పవచ్చు. చూడని పక్షినిగూర్చి ఇంత తెలుసుకొనడానికి ఆధారం దాని జాడ ఒక్కటే.

నేటి కణభౌతికశాస్త్రం సరిగా ఈ పనినే చేస్తున్నది. ఎలక్ట్రాన్, మ్యూయాన్, పయాన్ మున్నగు కణాలను ఏ సూక్ష్మదర్శినితోనూ ఎవ్వరూ చూడలేదు. అవి పోయిన దారిలో మిగిల్చిన జాడలను మాత్రమే చూచి వాటి స్వభావాన్ని నిర్ణయిస్తున్నారు. ఆ జాడలను పట్టే పరికరాన్ని పథశోధకం అనవచ్చు; ట్రాకర్ అని దాని వాడుక పేరు. రానున్న కాలంలో నిర్మింపదలచిన మహాయంత్రాలకు ఎటువంటి పథశోధకాలు కావాలి, వాటిని రూపొందించడంలో చిక్కులేమిటి, ఈ కృషితో మన ప్రాంతానికి సంబంధమేమిటి అనే మూడు ప్రశ్నలను ఈ వ్యాసంలో పరిశీలిద్దాము.

గొరగనమూడి నుండి లివర్‌పూల్ వరకు

ఈ శాస్త్రం మనకు కేవలం దిగుమతి సరకు కాదు. భీమవరానికి సమీపంలోని గొరగనమూడి గ్రామంలో 1896లో జన్మించిన భూపతిరాజు లక్ష్మీనరసింహరాజు, సన్యాసం స్వీకరించి స్వామి జ్ఞానానంద అయినారు. హిమాలయాలలో తపస్సు చేసిన ఆయన తరువాత ఐరోపాకు వెళ్ళి, నడివయస్సులో భౌతికశాస్త్రాన్ని మొదటినుండి అభ్యసించారు. ప్రేగ్‌లోని చార్లెస్ విశ్వవిద్యాలయంలో పరిశోధన చేసి, అనంతరం న్యూట్రాన్‌ను కనుగొన్న జేమ్స్ చాడ్విక్ వద్ద లివర్‌పూల్‌లో పనిచేశారు. భారతదేశానికి తిరిగివచ్చిన పిమ్మట ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో అణుభౌతికశాస్త్ర విభాగాన్ని నెలకొల్పారు. 1969లో పరమపదించారు. విశాఖపట్టణంలోని అణుపరిశోధన ప్రయోగశాలలు నేటికీ ఆయన పేరనే ఉన్నాయి.

ఆయన కృషిలో రెండు విషయాలు మనకు ఇక్కడ ముఖ్యం. ఒకటి, బీటా కిరణాల వర్ణపట మాపనం. రేడియోధార్మిక పదార్థం నుండి వెలువడే ఎలక్ట్రాన్లను అయస్కాంత క్షేత్రంలో వంచి, ఆ వంపును బట్టి వాటి శక్తిని కొలిచే విద్య అది. రెండవది, అధిక శూన్యాన్ని కల్పించే విద్య. దానిపై ఆయన ఆంగ్లంలో ఒక గ్రంథమే వ్రాశారు. నేటి కొలైడర్లలో కణపుంజాలు పరుగెత్తే గొట్టం అధిక శూన్యం లేనిదే పనిచేయదు. వాటి చుట్టూ అమర్చే పథశోధకం అయస్కాంతపు వంపు లేనిదే పనిచేయదు. పరికరాల పరిమాణం మారినదే కాని సూత్రం మారలేదు.

జాడ ఎట్లా పడుతుంది?

విద్యుదావేశం గల కణం ఏదైనా పదార్థంగుండా పోయేటప్పుడు దారిలోని పరమాణువుల నుండి ఎలక్ట్రాన్లను ఊడదీస్తుంది. దీనినే అయనీకరణం అంటాము. కణం వెళ్ళిపోయినా అయాన్లు కొంతసేపు దాని దారి పొడవున నిలిచి ఉంటాయి. బురదలో అడుగు పడడమంటే ఇదే.

ఈ జాడను మొదట కంటికి కనిపించేటట్లు చేసినవాడు సి.టి.ఆర్. విల్సన్. 1911లో ఆయన మేఘపేటికలో అయాన్ల చుట్టూ ఆవిరి చిన్న చిన్న బిందువులుగా చేరి తెల్లని గీతగా కనిపించింది. 1952లో డోనాల్డ్ గ్లేసర్ బుడగపేటికను కనిపెట్టాడు. అందులో మితిమీరి వేడెక్కిన ద్రవంలో కణం దారి వెంట బుడగలు లేస్తాయి. 1973లో జెనీవా వద్ద ఉన్న సెర్న్ సంస్థలో, గార్గమెల్ అనే పెద్ద బుడగపేటికలో, ఒక విచిత్రమైన చిత్రం ప్రపంచ దృష్టి నాకర్షించింది. కనిపించని న్యూట్రినో జాతి కణమొకటి ఒక ఎలక్ట్రాన్‌ను తాకగా, ఎక్కడినుండి వచ్చినదో తెలియనట్లు ఆ ఒక్క ఎలక్ట్రాన్ జాడ మాత్రమే పటంలో పడింది. అబ్దుస్ సలాం, వైన్‌బర్గ్, గ్లాషోలు ప్రతిపాదించిన సిద్ధాంతానికి ఇటువంటి జాడలే మొదటి ప్రత్యక్ష సాక్ష్యాలైనాయి. ఆ ముగ్గురికి 1979లో నోబెల్ బహుమతి లభించింది. కాగితంమీది సమీకరణం ఎంత గొప్పదైనా, దానిని నిజమని చెప్పవలసినది జాడే.

ఛాయాచిత్రాలు తీసి కంటితో వెదకే పద్ధతి సెకనుకు కోట్లకొలది అభిఘాతాలు జరిగే చోట పనికిరాదు. 1968లో జార్జెస్ షార్పాక్ అనేక సన్నని తీగలను సమాంతరంగా బిగించి, వాయువులో విడుదలైన ఎలక్ట్రాన్లను విద్యుత్ సంకేతాలుగా మార్చే పేటికను తయారుచేశాడు. ఏ తీగలో సంకేతం పుట్టిందో తెలిస్తే కణం ఎక్కడ పోయినదో తెలుస్తుంది. 1992లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. అటుపిమ్మట అర్ధవాహకమైన సిలికాన్ ప్రవేశించింది. 300 మైక్రాన్ల మందం గల సిలికాన్ పలకగుండా ఒక కణం పోతే ఇరవై వేలకు పైగా ఎలక్ట్రాన్లు విడుదలవుతాయి. ఆ పలకమీద 50 మైక్రాన్ల ఎడంతో సన్నని పట్టీలు గీస్తే, కణం స్థానాన్ని సుమారు 14 మైక్రాన్ల తేడాతో చెప్పవచ్చు. పట్టీల ఎడాన్ని 12 యొక్క వర్గమూలంతో భాగించగా వచ్చే ఫలితమిది. విద్యార్థులు స్వయంగా సాధించి చూడదగినది.

వంపును బట్టి ద్రవ్యవేగం

అయస్కాంత క్షేత్రంలో ఆవేశం గల కణం వృత్తాకారంగా వంగుతుంది. ద్రవ్యవేగాన్ని జి.ఇ.వి. ప్రమాణంలోను, క్షేత్రాన్ని టెస్లాలలోను, వ్యాసార్ధాన్ని మీటర్లలోను తీసుకుంటే, ద్రవ్యవేగం 0.3, క్షేత్రం, వ్యాసార్ధం అనే మూడింటి లబ్ధానికి సమానం. ఈ చిన్న సూత్రంతో ఒక లెక్క చేద్దాము.

క్షేత్రం 2 టెస్లాలు, కణం ద్రవ్యవేగం 45 జి.ఇ.వి. అనుకుంటే వ్యాసార్ధం 75 మీటర్లు అవుతుంది. కాని మన శోధకంలో ఆ కణం ప్రయాణించేది 1.65 మీటర్లు మాత్రమే. అంత పెద్ద వృత్తంలో అంత చిన్న ముక్క ఇంచుమించు సరళరేఖలాగే ఉంటుంది. సరళరేఖ నుండి మధ్యలో అది ఎంత ఉబ్బి ఉన్నదో కనుగొనడానికి, పొడవు వర్గాన్ని వ్యాసార్ధానికి ఎనిమిది రెట్లతో భాగించాలి. ఫలితం నాలుగున్నర మిల్లీమీటర్లు. ఈ నాలుగున్నర మిల్లీమీటర్లను కొలవడంలో 100 మైక్రాన్ల తప్పు వస్తే ద్రవ్యవేగంలో రెండు శాతానికి పైగా తప్పు వస్తుంది. 10 మైక్రాన్లకు తగ్గిస్తే తప్పు 0.2 శాతానికి దిగుతుంది.

ఇంత పట్టుదల ఎందుకు? 2012 జూలై 4న ప్రకటితమైన హిగ్స్ కణాన్ని దృష్టిలో ఉంచుకుంటే కారణం తెలుస్తుంది. ఎలక్ట్రాన్, పాజిట్రాన్‌లను 240 జి.ఇ.వి. మొత్తం శక్తితో ఢీకొట్టిస్తే, ఒక జెడ్ కణం, ఒక హిగ్స్ కణం జంటగా పుట్టవచ్చు. జెడ్ రెండు మ్యూయాన్లుగా విడిపోయినప్పుడు వాటి జాడలను కచ్చితంగా కొలిస్తే, మొత్తం శక్తి ముందే తెలుసు గనుక, మిగిలిన దాని ద్రవ్యరాశిని తీసివేత ద్వారా కట్టవచ్చు. హిగ్స్ దేనిగా విడిపోయినా, చివరకు మన శోధకానికి కనిపించని కణాలుగా విడిపోయినా సరే, అది పుట్టినదని చెప్పవచ్చు. ఇంటిలోని ధాన్యమంతా ముందే కొలిచి ఉంచిన గృహస్థు, మిగిలిన గాదెను కొలిచి పోయినదెంతో చెప్పినట్లు. కాని కొలమానంలో తప్పుంటే తీసివేతంతా వ్యర్థం.

శోధకమే అవరోధమైనప్పుడు

ఇక్కడ ఒక ధర్మసంకటం ఉన్నది. జాడ పడాలంటే కణం పదార్థంగుండా పోవాలి. కాని ఆ పదార్థమే కణాన్ని దారి తప్పిస్తుంది. సిలికాన్‌లోని కేంద్రకాలు తమ విద్యుత్ క్షేత్రాలతో దానిని అటు కొంత, ఇటు కొంత నెడతాయి. 300 మైక్రాన్ల సిలికాన్ పలకను దాటిన 1 జి.ఇ.వి. కణం, ఒక మీటరు దూరం పోయేసరికి సగటున అర మిల్లీమీటరుకు పైగా పక్కకు జరుగుతుంది. పది మైక్రాన్ల వరకు కొలవగల పలక, తరువాతి పలక దగ్గర అంతకు యాభై రెట్ల అనిశ్చితిని కలిగిస్తున్నదన్నమాట. దీనికి తోడు పలకలను మోసే చట్రాలు, విద్యుత్తు తెచ్చే తీగలు, చల్లబరచే గొట్టాలు కూడ దారికి అడ్డమే.

కాబట్టి శోధక నిర్మాత ఒకేసారి రెండు వ్రతాలు పట్టాలి. అనేక చోట్ల కొలవాలి. అడ్డం దాదాపు లేకుండ చేయాలి. భావి కొలైడర్లకు పథశోధకాలను రూపొందించే వారి మధ్య నడుస్తున్న చర్చ అంతా ఈ రెండింటి పొత్తును గూర్చినదే.

ఏలూరు తివాచీ పాఠం

ఏలూరులో తరతరాలుగా తివాచీలు నేస్తున్న ముస్లిం కుటుంబాల మగ్గం చూచినవారికి తరువాతి విషయం తేలికగా బోధపడుతుంది. నూలు పడుగు నిలువున ఉంటుంది. దానికి అడ్డంగా పేక నడుస్తుంది. ఫలానా పడుగుపోగు, ఫలానా పేకవరుస అని చెబితే తివాచీలోని ఏ ముడి అయినా దొరుకుతుంది. పడుగు ఒక్కటే చెబితే దొరకదు.

జపానులోని సుకుబాలో పనిచేస్తున్న బెల్ రెండు శోధకంలో ఈ ఉపాయమే ఉన్నది. దాని సిలికాన్ పలకలకు ఒక ముఖాన నిలువు పట్టీలు, రెండవ ముఖాన అడ్డ పట్టీలు ఉంటాయి. వాటి వెలుపల వాయువు నింపిన పెద్ద పేటికలో 56 వరుసలుగా 14,336 సంకేత తీగలు బిగించారు. వాటిలో కొన్ని వరుసలను కొద్దిగా ఏటవాలుగా అమర్చడం వలన పొడవు దిశలో కూడ స్థానం తెలుస్తుంది. ఈ శోధకపు సిలికాన్ భాగంలోని నాలుగవ పొరను నిర్మించిన బాధ్యత మన దేశపు టాటా మౌలిక పరిశోధన సంస్థది. హైదరాబాదు సమీపంలోని ఐ.ఐ.టి. కూడ ఈ ప్రయోగంలో భాగస్వామి. కనుక ఈ విద్యలో తెలుగునేల ఇప్పటికే చేయి పెట్టి ఉన్నది.

భావి యంత్రాలు, భావి శోధకాలు

సెర్న్ సంస్థలో 27 కిలోమీటర్ల చుట్టుకొలత గల సొరంగంలో నేటి పెద్ద కొలైడర్ ఉన్నది. దాని తరువాతి దశగా సుమారు 91 కిలోమీటర్ల వలయాన్ని ప్రతిపాదించి, 2025 మార్చిలో సాధ్యాసాధ్యాల నివేదికను వెలువరించారు. ఆ వలయం వ్యాసం 29 కిలోమీటర్లు. దాని లోపలి నేల సుమారు 660 చదరపు కిలోమీటర్లు. మన కొల్లేరు అభయారణ్యం విస్తీర్ణం 308 చదరపు కిలోమీటర్లు. అనగా అటువంటి కొల్లేళ్ళు రెండు అందులో ఇముడుతాయి. అనుమతులు లభించిన పక్షంలో 2040ల చివరినాటికి అందులో ఎలక్ట్రాన్, పాజిట్రాన్ అభిఘాతాలు మొదలుకావచ్చునని అంచనా. పూర్వపు లెప్ యంత్రం నాలుగు ప్రయోగాలకు కలిపి సుమారు ఒక కోటి డెబ్బై లక్షల జెడ్ కణాలను ఇచ్చింది. కొత్త యంత్రం దాదాపు ఆరు లక్షల కోట్ల జెడ్ కణాలను ఇవ్వగలదని లెక్క. పంట ఇంత పెరిగినప్పుడు కొలపాత్రలోని తప్పు కూడ ఆ మేరకు తగ్గకపోతే పంట పెరిగిన ఫలం దక్కదు.

ఈ యంత్రానికి ప్రతిపాదించిన శోధకాలలో ఐడియా అనేది ఒకటి. దాని పథశోధకం నాలుగు మీటర్ల పొడవు, రెండు మీటర్ల వ్యాసార్ధం గల వాయుపేటిక. అందులో 90 పాళ్ళు హీలియం, 10 పాళ్ళు ఐసోబ్యూటేన్. 112 వరుసలలో 56,448 సంకేత తీగలు, క్షేత్రాన్ని తీర్చే ఇతర తీగలతో కలిపి సుమారు 3,44,000 తీగలు ఉంటాయి. ఇంత ఉన్నా, కణం అడ్డంగా దాటేటప్పుడు ఎదురయ్యే పదార్థం ఒక వికిరణ దైర్ఘ్యంలో 1.6 శాతం మాత్రమే. అయితే అన్ని తీగలను బిగించి లాగే బలం అనేక టన్నులవుతుంది. ఆ బలాన్ని మోస్తూ తేలికగా ఉండే చివరి పలకలను తయారుచేయడం ఒక సమస్య. అన్ని వేల తీగలలో ఒక్కటి తెగినా చుట్టుపక్కల తీగలకు ముప్పు కలగడం మరొక సమస్య. అందువలననే వాయుపేటిక అసలే వద్దు, అంతా సిలికానే వాడుదామనే పక్షం కూడ ఉన్నది. ఆ పక్షానికి మెరుగైన కచ్చితత్వం ఉన్నది. కాని పదార్థపు అడ్డం ఎక్కువ.

వాయువుకు మరొక సుగుణమున్నది. మనం మొదట చెప్పుకున్న పక్షి అడుగులకు తిరిగి వద్దాము. అడుగు లోతును బట్టి పక్షిని పోల్చవచ్చు, కాని బురద ఒకచోట మెత్తగా, ఒకచోట గట్టిగా ఉంటే లోతు మోసగిస్తుంది. అడుగుల సంఖ్యను లెక్కించడం అంతకంటె నమ్మదగినది. అట్లే, కణం విడిచిన మొత్తం ఆవేశాన్ని కొలవడంకంటె, అయనీకరణ జరిగిన చోట్లను ఒక్కొక్కటిగా లెక్కించడం మేలు. హీలియం మిశ్రమంలో ఇవి సెంటీమీటరుకు పన్నెండు, పదమూడు ఉంటాయి. వాటిని విడివిడిగా లెక్కించగల వేగవంతమైన ఎలక్ట్రానిక్ వలయాలుంటే పయాన్‌ను కేయాన్ నుండి విడదీయవచ్చు. ఈ వలయాల నిర్మాణం నేడు జరుగుతున్న పరిశోధనలలో ముఖ్యమైనది.

అభిఘాత స్థానానికి అతి దగ్గరలో మాత్రం సిలికాన్‌కు సాటి లేదు. బి-క్వార్క్ గల కణం సుమారు ఒకటిన్నర పికోసెకన్లు, అనగా సెకనులో లక్షకోటి వంతుకు ఒకటిన్నర రెట్లు మాత్రమే జీవిస్తుంది. ఆ స్వల్పకాలంలో అది నడిచే దారిని పట్టాలంటే, సెంటీమీటరు వ్యాసార్ధం గల పుంజపు గొట్టాన్ని ఆనుకొని పలకలు ఉండాలి. ఇందుకోసం సిలికాన్‌ను 50 మైక్రాన్లకు పలుచగా చేసి, కాగితంలాగ గొట్టం చుట్టూ వంచే పద్ధతిని సెర్న్‌లోని ఆలిస్ ప్రయోగం వారు అభివృద్ధి చేస్తున్నారు. అంత పలుచని సిలికాన్ విరగకుండ వంగుతుందని వారు ప్రయోగపూర్వకంగా చూపారు.

ప్రోటాన్లను ఢీకొట్టే యంత్రాలలో చిక్కు వేరు. అక్కడ ఒకే క్షణంలో ఒకటి కాదు, 200 వరకు అభిఘాతాలు జరుగుతాయి. తిరునాళ్ళలో వందలమంది ఒకే తోవన నడిస్తే ఎవరి జాడ ఎవరిదో తెలియనట్లవుతుంది. అందుకు పరిష్కారం, జాడతోపాటు వేళను కూడ వ్రాయడం. 30 పికోసెకన్ల వరకు కాలాన్ని చెప్పగల సిలికాన్ పలకలను సిద్ధం చేస్తున్నారు. ఆ వ్యవధిలో కాంతి కూడ తొమ్మిది మిల్లీమీటర్లే నడుస్తుంది. అంతేకాక, ప్రోటాన్ యంత్రాలలోని వికిరణం పలకలనే క్రమంగా పాడుచేస్తుంది. జాడను భరించే బురదే ఎండి బీటలు వారినట్లు, స్ఫటికంలోని పరమాణువులు స్థానభ్రంశం చెంది, విడుదలైన ఎలక్ట్రాన్లు సంకేత పట్టీలను చేరకముందే చిక్కుకొనిపోతాయి.

మరొక విషయం కూడ మనవంటి ప్రాంతీయులు గమనించాలి. కొన్ని వాయుశోధకాలలో వాడే ఆర్-134ఎ వంటి వాయువులు బొగ్గుపులుసు వాయువుకంటె వెయ్యి రెట్లకు పైగా భూమిని వేడెక్కిస్తాయి. వాటికి బదులు హాని లేని మిశ్రమాలను కనుగొనడం నేటి పరిశోధనలో ఒక భాగం. మనుష్యుల అవసరాలు మితిమీరితే ఒక సరస్సు ఏమవుతుందో కొల్లేటి తీరవాసులకు వేరుగా చెప్పనక్కరలేదు.

మన విద్యార్థుల కర్తవ్యం

మన దేశం 2017లో సెర్న్ సంస్థలో సహసభ్యత్వం పొందింది. అంతకు పూర్వమే అక్కడి సి.ఎం.ఎస్. శోధకంలోని ఒక భాగానికి సుమారు వెయ్యి సిలికాన్ పలకలు బెంగుళూరులోని భారత్ ఎలక్ట్రానిక్స్ కర్మాగారంలో తయారైనాయి. అంతకు చాల ముందు, 1965లో, కోలార్ బంగారు గనుల లోతులలో మన శాస్త్రజ్ఞులు విదేశీ సహచరులతో కలిసి, వాతావరణంలో పుట్టిన న్యూట్రినోల జాడలను పట్టారు. శక్తిసామర్థ్యాలకు కొరత లేదని ఇవి చెబుతున్నాయి.

2040ల చివర ప్రారంభం కాగల యంత్రానికి శోధకాలను ఎవరు నడుపుతారు? ఇప్పుడు ఇరవై ఏండ్ల ప్రాయంలో ఉండి ఈ పుటలను చదువుతున్నవారు అప్పటికి నలభై దాటి ఉంటారు. ప్రయోగాలకు నాయకత్వం వహించే వయస్సదే. కాని ఆ దారిలో నడువదలచినవారు ఇప్పుడే మొదలుపెట్టాలి. ఇందుకు భౌతికశాస్త్రం ఒక్కటే చాలదు. సన్నని తీగను సమానమైన బిగువుతో కట్టగల యాంత్రిక నైపుణ్యం కావాలి. సంకేత వలయాలను రూపొందించే ఎలక్ట్రానిక్స్ కావాలి. జాడలను జోడించే గణన విద్య కావాలి. ఇంజనీరింగు అభిరుచి గలవారికి 2015లో మన తాడేపల్లిగూడెంలోనే జాతీయ సాంకేతిక విద్యాసంస్థ ఏర్పడింది. ఏలూరునుండి రైలులో పోయి రాగల దూరంలో అటువంటి సంస్థ ఉండడం మన పెద్దల తరానికి లేని సౌకర్యం.

చివరగా, కళాశాల పాలకవర్గం వారికి ఒక విన్నపం. మేఘపేటిక తయారుచేయడానికి ఒక గాజుతొట్టె, నల్లని లోహపు పలక, కొంత ఐసోప్రొపైల్ ఆల్కహాలు, ఒక దీపం, పొడి మంచు చాలు. చేపల ఎగుమతి కోసం కైకలూరు, ఆకివీడులలో తయారయ్యే మామూలు మంచు ఇందుకు చాలదు. మైనస్ 78 డిగ్రీల వద్ద ఉండే గడ్డకట్టిన కార్బన్ డయాక్సైడు కావాలి. ముప్పై సెంటీమీటర్ల పొడవు, ఇరవై సెంటీమీటర్ల వెడల్పు గల తొట్టెగుండా ఆకాశం నుండి నిమిషానికి సుమారు 600 మ్యూయాన్లు పోతుంటాయి. అన్నీ కనిపించకపోయినా, చీకటి గదిలో ఓపికతో చూచినవారికి తెల్లని సన్నని గీతలు పుట్టి మాయమవుతుండడం తప్పక కనిపిస్తుంది. ఖర్చు స్వల్పం. ఒక పగటిపూట ప్రదర్శనగా ఏర్పాటు చేస్తే ఇంటర్మీడియేటు మొదలు డిగ్రీ వరకు విద్యార్థులందరూ, తెలుగు మాధ్యమంవారైనా ఉర్దూ మాధ్యమంవారైనా, చూడవచ్చు. ఆ గీతను వివరించడానికి భాష అవసరం కావచ్చు కాని, చూడడానికి అవసరం లేదు.

గొరగనమూడిలో పుట్టిన ఒక బాలుడు ఏ ప్రయోగశాలా చూడకుండానే పెరిగి పెద్దవాడై, ప్రపంచ ప్రసిద్ధుల సరసన నిలబడి బీటా కిరణాల వంపును కొలిచాడు. మన విద్యార్థులు కనీసం ఒక్క జాడనైనా తమ కళ్ళతో చూచి ఈ కళాశాల విడిచి వెళ్ళాలని మా ఆకాంక్ష. వచ్చే విద్యాసంవత్సరంలో ఆ తొట్టె మన భౌతికశాస్త్ర ప్రయోగశాలలో ఒక బల్లమీద ఉండగలదని ఆశిస్తున్నాము.